డెలివరీ రోజే సంతకం పెట్టాలా?

దసరాకు కొన్న బండ్లు ఇళ్ల ముందుకొచ్చాయి, వాటి వెనకే ఉత్తరాలూ వచ్చాయి. ఈసారి ఎక్కువమంది అడిగింది ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించే, అంటే కంపెనీ మామూలుగా ఇచ్చే వారంటీ అయిపోయాక కూడా నడిచేలా డబ్బు కట్టి పెంచుకునేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అప్పటినుంచి షోరూముల్లో ఒక మాట బాగా వినిపిస్తోంది: "ధర తగ్గింది కదా సార్, మిగిలిన డబ్బులతో వారంటీ తీసుకోండి" అని. ఆ మిగిలింది మన డబ్బే అనే సంగతి అక్కడ ఎవరికీ గుర్తురాదు. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ, గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని. నల్లగొండ షోరూమ్‌లో చిన్న పెట్రోల్ కారు బుక్ చేశాను, ఏఎంటీ గేర్లది, అంటే క్లచ్ నొక్కకుండానే గేర్లు మారేది. కంపెనీ వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. ఇంకో మూడేళ్లకు 21,000 అవుతుంది, డెలివరీ రోజే తీసుకోవాలి, తర్వాత దొరకదు అంటున్నారు. లోన్‌లో కలిపేస్తాం, మీకు తెలియను కూడా తెలియదు అంటున్నారు. మా బావగారేమో వారంటీలన్నీ దండగ, నా కారుకు ఆరేళ్లలో ఏమీ కాలేదు అంటారు. నేను స్కూలుకు బస్సులోనే పోతాను. కారు ఆదివారాలకు, పెళ్లిళ్లకు, హైదరాబాద్‌లో పాప హాస్టల్ దాకా, అంతే. ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు దాటదు. పదేళ్లు వాడుకోవాలని కొంటున్నా. తీసుకోవాలా, వద్దా?

జవాబు: తీసుకోండి, కానీ డెలివరీ రోజు వద్దు, లోన్‌లో అసలే వద్దు.

ముందు ఆ "తర్వాత దొరకదు" సంగతి. కార్ల కంపెనీలు సొంతంగా అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీని మామూలుగా మొదటి వారంటీ నడుస్తున్నంతకాలం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆలస్యమైన కొద్దీ రేటు పెరుగుతుంది, బాగా ఆలస్యమైతే బండిని చెక్ చేశాకే ఇస్తామంటారు. అంటే మీరు అడగాల్సింది "ఇవాళే తీసుకోవాలా" అని కాదు, "ఈ రేటు ఎన్ని రోజుల దాకా ఉంటుంది, ఆ తర్వాత ఎంత" అని. ఆ రేట్ల కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగితే చూపించాలి. 21,000లో జీఎస్టీ కలిసి ఉందో, మళ్లీ 18 శాతం పైన వేస్తారో అదీ అప్పుడే తేల్చుకోండి.

డెలివరీ రోజు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ రోజు మనం మనలో ఉండం. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు, చేతిలో కొబ్బరికాయ, అప్పటికే వెనక సీటెక్కి కూర్చున్న పిల్లలు, చీకటి పడేలోపు యాదగిరిగుట్టకు వెళ్లి పూజ చేయించాలని తొందరపెట్టే పెద్దవాళ్లు. ఆ హడావుడిలో పద్నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు, అందులో వారంటీ ఏదో, యాక్సెసరీస్ ఏదో, సర్వీస్ ప్యాకేజీ ఏదో ఇంటికొచ్చాక ఫైలు విప్పితేగానీ తెలియదు. షోరూమ్‌వాళ్లకు ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. కొనడం తప్పనిసరి కాదు, ఇది తీసుకోకపోతే డెలివరీ ఆపే హక్కు వాళ్లకు లేదు. కొటేషన్‌లో ముందే కలిపి పెట్టేసి ఉంటే తీసెయ్యమనండి.

ఇక లోన్. 21,000ను 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్‌లో కలిపితే నెలకు 436 చొప్పున మొత్తం 26,150 దాకా కడతారు. అది కూడా దేనికి? నాలుగో ఏట మొదలయ్యే వారంటీకి. ఇంకా మొదలే కాని వస్తువుకు మూడేళ్లు ముందుగా వడ్డీ కట్టడం అన్నమాట. "మీకు తెలియను కూడా తెలియదు" అన్నాడు చూడండి, ఆ ఒక్క ముక్క మాత్రం నిజమే చెప్పాడు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు, మొదటి రేటు గడువు దాటకముందే, విడిగా కట్టి రసీదు తీసుకోండి.

మీ బావగారి మాట తప్పేం కాదు, కానీ ఆయన కారు లెక్క మీ కారుకు పనికిరాదు. మాన్యువల్ గేర్లున్న చిన్న పెట్రోల్ కారు కొని నాలుగైదేళ్లకు అమ్మేసేవాళ్లకు నేను కూడా వద్దనే చెప్తాను. అందులోనూ ఇప్పుడు కంపెనీలు ఇచ్చే మామూలు వారంటీయే పెరిగింది. 2024 జూలైలో మారుతీ తన కార్లకు రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు ఉన్నదాన్ని మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేసింది. అందరూ వాడే కార్లలో లక్ష దాటేదాకా కంపెనీయే చూసుకుంటే ఇంకా పైన కొనాల్సిన అవసరం చాలామందికి తగ్గిపోయింది.

మీకు మాత్రం కొనమంటున్నది రెండు కారణాలకు. మీది ఏఎంటీ, పైగా పదేళ్లు ఉంచుకుంటానంటున్నారు. ఏఎంటీలో లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సూ, మామూలు క్లచ్చే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని యాక్చుయేటర్ అనే ఒక యూనిట్ చేస్తుంది, దానికి ఒక కంప్యూటర్ ఆర్డర్లు ఇస్తుంది. అది మొరాయిస్తే గేరు పడదు, బండి కదలదు, మన ఊరి మెకానిక్ షెడ్డులో దానికి పెద్దగా చేసేదేమీ ఉండదు. దాని ఖరీదెంతో నన్ను కాదు, సేల్స్ కుర్రాణ్ని అంతకన్నా కాదు, అదే షోరూమ్ వెనకాల సర్వీస్ సెంటర్‌లో పార్ట్స్ కౌంటర్ దగ్గర అడగండి. మూడు ధరలు చాలు: ఏఎంటీ యాక్చుయేటర్, ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ మోటార్, లేబర్‌తో సహా. ఆ మూడింటిలో ఒక్కటి 21,000 దాటినా మీ లెక్క మీకే తేలిపోతుంది. మామూలుగా దాటుతుంది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. యాక్చుయేటర్ వారంటీలోకి వస్తుంది గానీ క్లచ్ ప్లేటు రాదు, అది అరిగే వస్తువు. ఘాట్ రోడ్డు మీదో, టోల్‌గేట్ దగ్గర లైన్లోనో బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటుంటే ఏఎంటీలో క్లచ్ త్వరగా పోతుంది, అప్పుడు "వారంటీ ఉంది కదా" అని పోట్లాడినా లాభం లేదు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, టైర్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిల్ ఇవేవీ ఎక్స్‌టెండెడ్‌లో ఉండవు. బ్యాటరీకి, టైర్లకు వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరే ఉంటుంది. ఇక గుద్దుకోవడం, నీళ్లలో మునగడం ఇన్సూరెన్స్ పని.

మీ కిలోమీటర్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఏడాదికి ఏడు వేలంటే ఆరేళ్లకు 42,000. కిలోమీటర్ల పరిమితి మిమ్మల్ని ఎప్పటికీ ఇబ్బంది పెట్టదు, మీరు డబ్బు కట్టేది సంవత్సరాలకే. అది మంచిదే, ఎందుకంటే సెన్సర్లు, వైరింగ్, రబ్బరు పైపులు, డ్యాష్‌బోర్డు మీద స్క్రీను లాంటివి తిరిగినా తిరగకపోయినా పాతబడతాయి, మన దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీల్లో వారమంతా బయట నిలబడే కారుకు ఇంకా తొందరగా. కానీ మీలాంటివాళ్ల క్లెయిములు ఆగేది కూడా ఇక్కడే. సర్వీసు "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని బుక్‌లెట్‌లో రాసి ఉంటుంది. మీటర్ చూస్తే ఇంకా ఏడు వేలే కదా అనిపిస్తుంది, ఏడాది దాటిపోతుంది, దేవరకొండ నుంచి నల్లగొండకు ఒక రోజు సెలవు పెట్టుకుని పోవాలి కాబట్టి వచ్చే నెల చూద్దాం అనుకుంటారు. అయిదో ఏట యాక్చుయేటర్ పోయినప్పుడు వాళ్లు ముందు తీసేది ఆ సర్వీసు తేదీల లిస్టే. కాబట్టి మీటర్ చూడొద్దు, క్యాలెండర్ చూడండి. వేసవి సెలవుల్లో పెట్టేసుకుంటే గుర్తుంచుకోవడం కూడా తేలిక, అయితే కారు కొన్న నెల చూసుకుని మొదటి ఏడాది సర్వీసు గడువుకన్నా కొంచెం ముందే చేయించుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

ఆఖరిది, అసలైనది. ఆ వారంటీ ఇచ్చేది ఎవరు? కార్ల కంపెనీయా, షోరూమ్ యజమానా, వేరే ఏదైనా సంస్థా? కాగితం మీద కంపెనీ పేరు, మీ కారు ఛాసిస్ నంబర్, ఏ తేదీ దాకా, ఎన్ని కిలోమీటర్ల దాకా, దేశంలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడైనా చెల్లుతుంది అని ఉండాలి. "మా బ్రాంచీల్లోనే" అని ఉంటే వద్దు. షోరూములు మూతపడతాయి, చేతులు మారతాయి, మీ పాప హాస్టల్ దగ్గర బండి ఆగిపోతే దాన్ని నల్లగొండ దాకా లాక్కొచ్చుకుంటారా? డబ్బు కట్టిన వారంలోపు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఛాసిస్ నంబర్ చెప్పి, వారంటీ వాళ్ల కంప్యూటర్‌లో ఎక్కిందో లేదో అడగండి. షోరూమ్‌లో డబ్బు తీసుకుని పైకి పంపకపోవడం కొత్తేమీ కాదు.

ఇంకా, బయట దుకాణంలో ఫాగ్ లైట్లు, పెద్ద హారన్, స్టీరియో పెట్టించేటప్పుడు వైరు కోసి అతికించనివ్వకండి. వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ కప్లర్ నుంచి కప్లర్‌కు తగిలించేవే పెట్టించండి. ఒక్క వైరుకు నల్ల టేపు కనిపిస్తే చాలు, కరెంటుకు సంబంధించిన ఏ క్లెయిమ్ అయినా ఆ టేపు మీదికి తోసేస్తారు.

ప్రశ్న: అన్నా, మాది అచ్చంపేట. టాక్సీ కోసం డీజిల్ బండి తీసుకుంటున్న, పసుపు ప్లేటు. ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, శ్రీశైలం ట్రిప్పులు కలిపి నెలకు అయిదు వేల కిలోమీటర్లు తిరుగుత. ఆరేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా వారంటీ పెంచుకోమంటున్నరు, 24,000 అట. మంచిదేనా?

జవాబు: తమ్ముడూ, నీకు ఆరేళ్లు అనే మాట వినపడకూడదు. నెలకు అయిదు వేలంటే మామూలు వారంటీలోని లక్ష కిలోమీటర్లు ఇరవై నెలల్లోనే అయిపోతాయి, మిగతా 60,000 ఇంకో పన్నెండు నెలలు. అంటే ముప్పై రెండో నెలలో నీ ఆరేళ్ల వారంటీ చచ్చిపోతుంది, మూడో ఏడాది కూడా నిండదు. నువ్వు కొంటున్నది 60,000 కిలోమీటర్లు, కిలోమీటరుకు 40 పైసలు పడుతుంది. అలా చూస్తే డీజిల్ బండికి అది పెద్ద ధర కాదు, ఇంజెక్టర్లు, టర్బో, హై ప్రెషర్ పంపు లాంటివి ఒక్కటి పోయినా దానికన్నా ఎక్కువే కావచ్చు, బండి ఆగితే కిస్తీ ఆగదు కదా.

కానీ డబ్బు కట్టేముందు ఒక్కటి రాతపూర్వకంగా తీసుకో: ఈ వారంటీ పసుపు ప్లేటుకు చెల్లుతుందా లేదా. సొంత వాడకానికి ఇచ్చే వారంటీకీ టాక్సీకి ఇచ్చేదానికీ చాలాచోట్ల షరతులు వేరు, కొన్ని పథకాల్లో టాక్సీ ఉండనే ఉండదు. సేల్స్ అతను "ఏం కాదన్నా" అంటే దాన్నే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టమను, పెడతాడేమో చూడు. నీకు సర్వీసు కూడా రెండు నెలలకొకటి వస్తుంది, సీజన్‌లో ట్రిప్పు పోతుందని బయట ఆయిల్ మార్పించుకుంటే ఈ 24,000 నీళ్లలో పోసినట్టే.

ప్రశ్న: సార్, మాది సూర్యాపేట దగ్గర పల్లె. కారు కొని ఏడాది కాలేదు. పత్తి ఏరి ఇంట్లో పోసినప్పటినుంచి ఎలుకలు బానెట్‌లోకి దూరి వైర్లు కొరికేశాయి. మా ఆయన షోరూమ్‌కు తీసుకెళ్తే వారంటీ రాదన్నారు. ఎక్స్‌టెండెడ్ తీసుకుని ఉంటే వచ్చేదా?

జవాబు: వచ్చేది కాదమ్మా, ఏ వారంటీలోనూ ఎలుకలు లేవు. వారంటీ అంటే కంపెనీ తయారీలో లోపం ఉంటే కంపెనీ బాగుచేయడం. ఇది ఇన్సూరెన్స్‌కు పోవాల్సింది. మీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే ఎలుకలు కొరికిన వైరింగ్‌కు చాలా కంపెనీలు క్లెయిమ్ ఇస్తాయి, పాలసీ కాగితం చూసుకోండి. వైర్లు ముట్టుకోకముందే ఫోటోలు తీయండి, బ్యాటరీ పక్కన దూది, గింజల పొట్టు ఉంటే అవి కూడా ఊడ్చేయకుండా ఫోటో తీయండి, రిపేరు మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్‌వాళ్లకు ఫోన్ చేయండి. బిల్లు రెండు మూడు వేలైతే చేతి నుంచే పెట్టుకోండి. క్లెయిమ్ చేయకపోతే రెన్యువల్‌లో 20 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది, అది పోగొట్టుకోవడం దండగ. వీలైతే పత్తి అమ్మేదాకా కారును ఆ గోడ పక్కన పెట్టకండి. పొగాకు కట్టలు, నాఫ్తలీన్ ఉండలు కొందరు పెడతారు, కొన్నాళ్లు పనిచేస్తాయి, ఆ తర్వాత ఎలుకలకు అలవాటవుతుంది.

ప్రశ్న: జడ్చర్లలో నర్సుగా చేస్తున్నాను సార్. డ్యూటీకి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుందామని. బ్యాటరీకి మూడేళ్ల వారంటీని ఎనిమిదేళ్లకు పెంచుకోవచ్చట. అవసరమా?

జవాబు: పెట్రోల్ స్కూటర్‌కైతే అంతగా అనను, ఎలక్ట్రిక్‌కు మాత్రం అవసరమే. బండి మొత్తంలో ఖరీదైన వస్తువు బ్యాటరీయే, అది పోయాక స్కూటర్‌కు విలువ ఉండదు. కాగితంలో రెండు మాటలు వెతకండి. ఒకటి, బ్యాటరీ కెపాసిటీ ఎంత శాతం కన్నా తగ్గితే మారుస్తారు. కొన్ని కంపెనీలు 70 శాతం అని స్పష్టంగా రాస్తాయి, ఆ అంకె లేని వారంటీలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతేనే మారుస్తామని వాదిస్తారు, వంద కిలోమీటర్లు వచ్చేది నలభై వచ్చినా "పనిచేస్తోంది కదా మేడమ్" అంటారు. రెండు, నెలల తరబడి ఛార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే వారంటీ పోతుందా. మీరు రోజూ వాడతారు కాబట్టి ఇబ్బంది లేదు, ప్రసూతి సెలవో మరేదో వచ్చి ఇంట్లో పెట్టేస్తే గుర్తుపెట్టుకోండి. ఛార్జర్ ఆ వారంటీలో ఉందో లేదో కూడా చూడండి. ఇవన్నీ ఒక ఎత్తు, ఎనిమిదేళ్ల వారంటీ ఇచ్చే కంపెనీ ఎనిమిదేళ్లు ఉండాలి కదా. పాలమూరులో గానీ జడ్చర్లలో గానీ సర్వీస్ సెంటర్ ఉన్న, ఊళ్లో ఇప్పటికే రెండు మూడేళ్లుగా నాలుగైదు బండ్లు తిరుగుతున్న కంపెనీది తీసుకోండి, ఆ బండ్లవాళ్లను ఆపి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. హైదరాబాద్‌లో కారు కొన్నాను, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకున్నాను. నాలుగో ఏట స్టీరింగ్ మోటార్ పోయింది. రెండో ఏట ఒక సర్వీసు రెండు నెలలు ఆలస్యమైందని క్లెయిమ్ ఇవ్వనన్నారు, నోటి మాటగానే చెప్పి పంపేశారు. 38,000 అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ నోటిమాటను కాగితం మీదికి తెప్పించండి. బండి ఇచ్చినప్పుడు రాసే జాబ్‌కార్డ్ మీద "వారంటీ నిరాకరించాం, కారణం ఇది" అని రాయించుకోండి. రాయకపోతే మీరే షోరూమ్‌కు, కంపెనీకి ఒకే ఈ-మెయిల్ పెట్టండి, ఏ తేదీన ఎవరితో మాట్లాడారో, ఏం చెప్పారో రాసి, ఏ షరతు కింద కాదంటున్నారో చూపించమనండి. అందులో ఒక్క ప్రశ్న సూటిగా వేయండి: ఇంజిన్ ఆయిల్ మార్చే సర్వీసు రెండు నెలలు ఆలస్యమైతే కరెంటు మీద నడిచే స్టీరింగ్ మోటార్‌కు ఏం నష్టం జరిగింది? ఇంజిన్ పోయి ఉంటే వాళ్ల మాటకు బలం ఉండేది. స్టీరింగ్ మోటార్‌కు మీ మాటే బలం. చాలా కేసుల్లో ఈ మెయిల్ కంపెనీ ఏరియా మేనేజర్ దాకా వెళ్లాక పూర్తిగా కాకపోయినా, పార్ట్ మేం ఇస్తాం లేబర్ మీరు కట్టండి అనే బేరం దాకా వస్తుంది. ఆ బేరం మరీ చెడ్డదేం కాదు, ఎంతకు ఒప్పుకోవాలో మీరే చూసుకోండి.

అది కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఖర్చు లేదు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారు హైదరాబాద్‌లో కొన్నారు కదా, అక్కడికే పోవాలేమో అనుకోకండి, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ ఊళ్లోనే కమిషన్ ఉంది. మీరు కట్టిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, దాటితే కారు ధరను బట్టి కొద్దిగా ఉంటుంది. లాయర్ తప్పనిసరి కాదు. వాళ్లు కాదన్న రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈలోగా కారు నడవాలి కాబట్టి డబ్బు కట్టి బాగుచేయించుకుంటే బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి, పాత మోటార్‌ను అక్కడ వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: మక్తల్‌లో ఒకాయన దగ్గర నాలుగేళ్ల కారు కొంటున్నాను. ఇంకా రెండేళ్లు వారంటీ ఉందంటున్నాడు. అది నాకు వస్తుందా?

జవాబు: కంపెనీ సొంత వారంటీ అయితే సాధారణంగా వస్తుంది, కానీ దానంతటదే రాదు. ఆర్సీ మీ పేరు మీదికి మారాక కంపెనీ చెప్పిన గడువులోగా సర్వీస్ సెంటర్‌లో కాగితాలిచ్చి పేరు మార్పించుకోవాలి, కొన్నిచోట్ల చిన్న ఫీజు ఉంటుంది. డబ్బు ఇవ్వకముందే ఛాసిస్ నంబర్‌తో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి సర్వీసు హిస్టరీ తీయించండి. అందులో మధ్యలో ఒక ఏడాది ఖాళీ కనిపిస్తే ఆ రెండేళ్ల వారంటీని లెక్కలోకి తీసుకోకుండానే బేరం ఆడండి.